వార్డు మెంబరు పోయాడు, యుద్ధం పోలేదు

1938 నవంబరు 1న ఇంగ్లండులో ఏదో ఒక పట్టణంలో మూడేళ్ళ పదవికని గెలిచిన కౌన్సిలర్ ఒకాయన ఉన్నాడనుకోండి. లెక్క ప్రకారం 1941లో దిగిపోవాలి. 1947 దాకా దిగలేదు. కుట్రేమీ చేయలేదు, కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. స్థానిక ఎన్నికలన్నిటినీ ఆపుతూ పార్లమెంటు ఒక తాత్కాలిక చట్టం చేసింది, దాన్ని ఏటా పొడిగిస్తూ పోయింది. మళ్ళీ పోలింగ్ జరిగింది 1945 నవంబరు 1న. అప్పుడూ అందరూ ఒకేసారి దిగలేదు. అక్కడి పట్టణ కౌన్సిళ్ళలో ఏటా మూడోవంతు మంది దిగిపోయే పద్ధతి. అందుకని 1936లో గెలిచినవాళ్ళు 1945లో, 1937 వాళ్ళు 1946లో, 1938 వాళ్ళు 1947లో జనం ముందుకు వచ్చారు. మూడేళ్ళకని ఇచ్చిన ఓటు తొమ్మిదేళ్ళు పనిచేసింది.

ఈ వాయిదాతో నాకు పేచీ లేదు. నవంబరు సాయంత్రాలు, వీధి దీపాలు వెలగకూడదు, స్కూళ్ళ పిల్లల్ని పల్లెలకు తరలించేశారు, ఓటర్ల జాబితాలో ఉన్న మగవాళ్ళలో ఎంతోమంది బ్యారక్కుల్లో ఉన్నారు, పార్టీల కోసం గడప గడపా తిరిగే కుర్రాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. అలాంటప్పుడు దేశమంతా వార్డు వార్డుకీ పోలింగ్ పెట్టమనడం మొండితనమే అవుతుంది.

నా పేచీ వేరే. ఆ ఆరేళ్ళలో కౌన్సిలర్లు చచ్చిపోయారు, సైన్యంలో చేరారు, బాంబులకు ఇళ్ళు పోయి ఊరు మారారు, వయసు మీదపడి రాజీనామాలు చేశారు. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారు? వాళ్ళను ఎవరు కూర్చోబెట్టారు? యుద్ధకాలంలో ఎన్నికల వాయిదా మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఖాళీల సంగతి ఎత్తేవాళ్ళు అరుదు. ఊళ్ళో ఓటుకు నిజంగా చెదలు పట్టేది మాత్రం ఆ ఖాళీ దగ్గరేనని నా నమ్మకం.

బ్రిటిష్ చట్టం చెప్పిన ఉపాయం కో-ఆప్షన్. మన మున్సిపాలిటీల్లో ఈ మాట అందరికీ పరిచయమే, కానీ ఇక్కడ కో-ఆప్షన్ సభ్యులంటే ఎన్నికైనవాళ్ళకు తోడుగా అదనంగా తీసుకునేవాళ్ళు. అక్కడ తీసుకున్నది అదనపు కుర్చీ కాదు, వార్డు కుర్చీనే. వార్డు జనం ఓటేసి నింపాల్సినదాన్ని మిగిలిన కౌన్సిలర్లు చేతులెత్తి నింపారు. పెద్ద పార్టీల మధ్య అప్పటికే పోటీ పెట్టుకోకూడదన్న ఒప్పందం ఉంది కాబట్టి చాలాచోట్ల పోయినవాడిది ఏ పార్టీ అయితే కుర్చీ ఆ పార్టీకే వెళ్ళింది. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మనం చూస్తూనే ఉంటాం, అదే తీరు. తేడా ఏమిటంటే, ఇక్కడ తువ్వాలు వేసినవాడు దిగిపోయినా తువ్వాలు మాత్రం అక్కడే ఉంటుంది.

పైగా అక్కడి పట్టణ కౌన్సిళ్ళలో ఆల్డర్మన్లని ఇంకో వర్గం ఉండేది. ముగ్గురు కౌన్సిలర్లకు ఒకరు చొప్పున, కౌన్సిలర్లే ఎన్నుకునేవాళ్ళు, ఆరేళ్ళ పదవి. అంటే శాంతికాలంలోనే సభలో నాలుగోవంతు మంది జనం గుమ్మం తొక్కకుండా వచ్చినవాళ్ళు. దాని మీద కో-ఆప్షన్ పడింది. ఏడాదికేడాది చావులూ రాజీనామాలూ కలుస్తూ పోతే ఆ సభలో జనం పంపినవాళ్ళెందరు, ఒకరినొకరు పిలుచుకున్నవాళ్ళెందరు?

"యుద్ధంలో ఇంతకన్నా ఏం చేస్తారు?" అని అడగొచ్చు. మా బాబాయి అడిగాడు కూడా. రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, ఎన్నికల డ్యూటీలు చేసి చేసి విసిగినవాడు. "ఒరేయ్, నెత్తిన బాంబులు పడుతుంటే బ్యాలెట్ పెట్టెలు ఎవడు మోస్తాడురా?" అన్నాడు. దీనికి జవాబు ఆ దేశమే ఇచ్చింది, అదే నాకు ఆశ్చర్యం. అదే యుద్ధంలో, అవే బాంబుల కింద, పార్లమెంటు సీటు ఖాళీ అయితే మాత్రం ఉప ఎన్నిక పెట్టారు. సాధారణ ఎన్నిక వాయిదా వేశారు, 1935లో ఎన్నికైన సభను ఏడాదికోసారి పొడిగిస్తూ 1945 దాకా లాగారు, నిజమే. కానీ ఎంపీ చచ్చిపోతే ఆ నియోజకవర్గంలో పెట్టె తెరిచారు. జాబితా పాతదే, 1939 నాటిది. యుద్ధం మొదలయ్యాక 21 ఏళ్ళు నిండినవాళ్ళకు అందులో పేరే లేదు. పెద్ద పార్టీలు ఒకరి సీట్లో ఒకరు నిలబడలేదు. అయినా పెట్టారు.

ఏమైంది? 1942 మార్చిలో గ్రాంథమ్‌లో డెనిస్ కెండల్ అనే స్వతంత్రుడు ప్రభుత్వ అభ్యర్థిని ఓడించాడు. ఏప్రిల్ ఆఖర్న రగ్బీలో ఒకటి, వాలసీలో ఒకటి, రెండు సీట్లు ఒకేరోజు స్వతంత్రులకు పోయాయి. జూన్ 21న ఆఫ్రికాలో టోబ్రుక్ కోట జర్మన్ల చేతికి చిక్కింది. ఇంతకన్నా చెడ్డ సమయం ఎన్నికకు ఉండదు కదా! నాలుగు రోజుల తర్వాత మాల్డన్‌లో పోలింగ్ జరిగింది, టామ్ డ్రిబర్గ్ అనే పాత్రికేయుడు ప్రభుత్వ అభ్యర్థి మీద గెలిచాడు. వారం తిరిగేసరికి చర్చిల్ మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది, 475–25 తేడాతో వీగిపోయింది. యుద్ధం ఆగలేదు, సైన్యం చెదరలేదు. జనం కోపంగా ఉన్నారన్న కబురు మాత్రం లండన్‌కు చేరింది. వేగుల నివేదికల్లో రానంత స్పష్టంగా చేరింది.

మరి ఎంపీ సీటుకు చేయగలిగిన పని, అందులో పదో వంతు ఓటర్లు కూడా లేని వార్డుకు ఎందుకు చేయలేదు? వార్డు సీటంటే అంత చిన్నచూపు ఉండబట్టేనని నాకనిపిస్తుంది. చెత్త, నీళ్ళు, అద్దె ఇళ్ళు, శ్మశానాలు. ఇవి చూసేవాడు ఎవడైతేనేం? శాంతికాలంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుందేమో. యుద్ధంలో చెల్లదు, ఎందుకంటే వైమానిక దాడులప్పుడు తలదాచుకునే చోటు చూడవలసింది ఆ వార్డు మెంబర్ల సభే.

లండన్ తూర్పు వైపు బెత్నల్ గ్రీన్ అనే పేటలో అప్పటికింకా పూర్తికాని ఒక భూగర్భ రైలు స్టేషన్ ఉండేది. దాన్ని జనం తలదాచుకునే చోటుగా చేశారు. వేలమంది రాత్రిళ్ళు అందులో పడుకునేవాళ్ళు. లోపలికి దారి ఒకటే. 19 మెట్లు, మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు, పైన ఒక గుడ్డి బల్బు. 1941లో ఆ బరో (లండన్‌లో సొంత కౌన్సిల్ ఉండే పేట) కౌన్సిల్ పై అధికారులకు రాసింది: జనం ఒక్కసారిగా తోసుకొస్తే గుమ్మం దగ్గరున్న చెక్క తడిక ఆగదు, గోడ కట్టుకోనివ్వండి అని. ఖర్చు సుమారు 88 పౌండ్లు. లండన్ పౌరరక్షణ యంత్రాంగం వద్దంది, వృథా ఖర్చంది. 1943 మార్చి 3 రాత్రి సైరన్ మోగింది. దగ్గర్లోని విక్టోరియా పార్కులో కొత్తరకం విమాన విధ్వంసక రాకెట్లు పేల్చారు. ఆ చప్పుడు జనం ఎప్పుడూ వినలేదు. బాంబులనుకుని మెట్ల మీదికి ఉరికారు. కింద ఎవరో తూలి పడ్డారు, వాళ్ళ మీద ఇంకొకరు. నిమిషాల్లో ఆ ఇరుకు మెట్ల మీద 173 మంది ఊపిరాడక చనిపోయారు. అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి బెత్నల్ గ్రీన్ మీద ఒక్క బాంబు కూడా పడలేదు.

తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. లారెన్స్ డన్ అనే మేజిస్ట్రేటుతో రహస్య విచారణ చేయించారు. ఆ నివేదికను హోం మంత్రి హెర్బర్ట్ మోరిసన్ దాచిపెట్టాడు. (ఈయన అంతకుముందు లండన్ కౌంటీ కౌన్సిల్‌ను ఏళ్ళ తరబడి నడిపినవాడు. స్థానిక పాలనంటే ఏమిటో ఈయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.) శత్రువుకు కబురు అందుతుందన్నది సాకు. ఆ మెట్ల మీద తనవాళ్ళను పోగొట్టుకున్న ఒకావిడ దావా వేస్తే కోర్టు బరో కౌన్సిల్‌దే తప్పంది. గోడ కట్టుకోనివ్వమని అడిగి, కాదనిపించుకున్న కౌన్సిల్ ఆ ఉత్తరాల సంగతి బయటపెట్టలేక నింద మోసింది. నివేదిక వెలుగు చూసింది 1945లో.

ఇప్పుడు ఆ కౌన్సిల్‌ను చూడండి. లండన్ బరోల్లో మూడేళ్ళకోసారి సభ మొత్తానికీ ఒకేసారి ఎన్నిక జరిగేది. ఆఖరిది 1937లో. 1940లో జరగాల్సింది జరగలేదు. అంటే 1943లో అక్కడ ఉన్నది గడువు తీరి మూడో ఏట నడుస్తున్న సభ, అందులో కొందరు జనం ఓటు చూడనివాళ్ళు. ఆ పేటలో అప్పుడు ఒక్క వార్డులో ఉప ఎన్నిక జరిగి ఉంటే? ఎవడో ఒకడు సందు చివర బల్ల మీద నిలబడి "ఆ మెట్ల దగ్గర కమ్మీ ఎందుకు లేదు? ఎవరు వద్దన్నారు?" అని అడిగేవాడు. సెన్సారు పత్రికలను ఆపగలదు, ప్రచారంలో గుమ్మం గుమ్మానికీ తిరిగే మనిషిని ఆపడం కష్టం. ఎన్నికైన కౌన్సిలర్లు కూడా నోరు మూసుకునేవాళ్ళేమో, అధికార రహస్యాల చట్టం అందరికీ ఒకటే. కానీ అడగడానికి ఒక సందర్భమంటూ ఉండేది. దాన్ని చట్టం తీసేసింది.

పక్కనున్న స్టెప్నీలో మరో రకం కథ. వైమానిక దాడుల రక్షణ పనులను ఆ కౌన్సిల్ గందరగోళం చేస్తే 1940లో ప్రభుత్వం ఆ పనిని పాలకవర్గం చేతుల్లోంచి లాగేసి ఇంకో బరో ఉద్యోగికి అప్పగించింది. మన భాషలో ప్రత్యేకాధికారి వచ్చాడన్నమాట. అదే స్టెప్నీలో 1937లో గెలిచిన కమ్యూనిస్టు కౌన్సిలర్ ఫిల్ పిరాటిన్ 1940 సెప్టెంబరులో పేటవాసుల్ని వెంటబెట్టుకుని సవాయ్ అనే ఖరీదైన హోటలుకు వెళ్ళి, మీ నేలమాళిగలో మాకూ చోటు కావాలని కూర్చున్నాడు. ఓటుతో వచ్చినవాడు ఒక్కడున్నా ఎంత చేయొచ్చో అది చెబుతుంది. 1945లో పెట్టె తెరవగానే స్టెప్నీ పదిమంది కమ్యూనిస్టులను కౌన్సిల్‌కు పంపింది. పిరాటిన్ అప్పటికే ఎంపీ అయ్యాడు. లండన్‌లోని 28 బరోల్లో 22 లేబర్ పార్టీకి పోయాయి. ఆరేళ్ళు జనం దాచుకున్న మాట ఒక్కరోజులో బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతా ఇంతే. 1915లో ఆపిన ఎన్నికలు 1919లో జరిగాయి, ఓటు హక్కు పెరిగింది, తూర్పు లండన్ లేబర్ చేతికి వెళ్ళింది, ఎన్నికల్లో గెలవని ఒక మాజీ మేజరును స్టెప్నీ కౌన్సిల్ పిలిచి మేయర్‌ను చేసింది. ఆయన పేరు క్లెమెంట్ అట్లీ, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినవాడు. కో-ఆప్షన్ అంటే నాకు పడదంటూనే ఈ సంగతి దాచడం న్యాయం కాదు కాబట్టి చెబుతున్నాను.

బ్రిటిష్ చట్టంలో ఒక్క మంచి ఉంది. కో-ఆప్షన్‌తో వచ్చినవాళ్ళు 1945లోనే జనం ముందుకు రావలసి వచ్చింది. చాలా వార్డుల్లో ఒకటికి బదులు రెండేసి సీట్లకు పోలింగ్ జరిగింది. అరువు కుర్చీకి గడువుంటుందన్న ఇంగితం వాళ్ళకు మిగిలింది.

బాబాయి ఇక్కడ ఊరుకోలేదు. "అది ద్వీపంరా, శత్రువు అడుగుపెట్టలేదు. ఉక్రెయిన్ సంగతి చెప్పు" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లో ఉక్రెయిన్ అంటే వార్తల్లో ఊరు కాదు. మా అక్క కొడుకు జపోరిజ్జియాలో మెడిసిన్ చదువుతూ 2022 మార్చిలో కిక్కిరిసిన రైల్లో సరిహద్దు దాటి వచ్చినవాడు. మన జిల్లాల నుంచి ఆ ఊరికి, ఖార్కివ్‌కు, విన్నిత్సియాకు చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు ఎందరో. వాడు ఇప్పటికీ ఆ ఊరి వార్తలు చూస్తుంటాడు, వాడితో పాటు నేనూ చూస్తున్నాను.

అక్కడ ఆఖరి స్థానిక ఎన్నికలు 2020 అక్టోబరు 25న జరిగాయి. 2022 ఫిబ్రవరి 24 నుంచి యుద్ధచట్టం. అది అమల్లో ఉండగా ఏ ఎన్నికా జరగకూడదని వాళ్ళ చట్టం చెబుతుంది. 2025 అక్టోబరులో కౌన్సిళ్ళకు ఐదేళ్ళూ నిండిపోయాయి, పాతవే నడుస్తున్నాయి. లక్షలమంది ఓటర్లు విదేశాల్లో ఉన్నారు, లక్షలమంది సైన్యంలో ఉన్నారు. ఖేర్సన్‌లో కూరగాయల కోసం బయటికొచ్చిన మనిషి మీద డ్రోన్ పడుతోంది. అక్కడ పోలింగ్ కేంద్రం పెట్టమనడానికి నాకు నోరు రాదు.

కానీ కౌన్సిలర్ సీటు ఖాళీ అయితే వాళ్ళు చేసే పని నాకు నచ్చింది. పదివేలు, అంతకు మించి ఓటర్లున్న చోట్ల వాళ్ళది పార్టీ జాబితాల పద్ధతి. సభ్యుడు పోతే అదే జాబితాలో తర్వాతివాడు వస్తాడు. అతన్ని ఎవరూ కొత్తగా చేతులెత్తి పిలవరు. 2020లో ఓటర్లు గుర్తు పెట్టిన జాబితాలో అతని పేరు అప్పటికే ఉంది. ఓటు పాతదే, కానీ ఓటే.

మేయర్‌కు జాబితా ఉండదు కదా. అక్కడే చిక్కొచ్చింది. మేయర్ కుర్చీ ఖాళీ అయితే కౌన్సిల్ కార్యదర్శి తాత్కాలికంగా ఆ పని చూస్తాడు. కార్యదర్శి అంటే మన ఆఫీసు సెక్రటరీ కాదు, సభ్యులు తమలోంచి ఎన్నుకునేవాడు. జపోరిజ్జియాలో జనం ఎన్నుకున్న మేయర్ వొలొదిమిర్ బురియాక్ 2021 సెప్టెంబరులో రాజీనామా చేశాడు. అప్పుడు యుద్ధం లేదు. పోలింగ్ పెట్టలేదు. యుద్ధం వచ్చింది. రాజీనామా నాటి నుంచే ఉన్న తాత్కాలిక మేయర్ 2024లో దిగిపోయి ఇంకో తాత్కాలిక మేయర్ వచ్చింది. ఏడు లక్షలకు పైగా జనాభా ఉండిన ఊరు, యుద్ధరేఖకు కూతవేటు దూరం. ఆ ఊరిని నడిపే మనిషికి మేయర్‌గా ఒక్క ఓటూ పడలేదు. దేశాధ్యక్షుడు జెలెన్‌స్కీ సొంత ఊరు క్రివీ రీహ్‌దీ అదే వరస. మేయర్ 2021 ఆగస్టులో చనిపోయాడు. ఎన్నిక 2022 మార్చి చివరికని పెట్టారు. ఫిబ్రవరి 24న ట్యాంకులు వచ్చాయి.

ఈ రెండు ఊళ్ళూ నాకు నేర్పిన సంగతి పుస్తకాల్లో దొరకలేదు. యుద్ధకాలపు ఖాళీల్లో కొన్ని యుద్ధం చేసినవి కావు. శాంతి ఉండగా "తర్వాత చూద్దాంలే" అని నెలలు జరిపినవి. ఆగస్టులో పోయిన మేయర్ స్థానానికి నవంబరులో పోలింగ్ పెట్టి ఉంటే క్రివీ రీహ్‌కు ఎన్నికైన మేయర్ ఉండేవాడు.

యుద్ధం చేసిన ఖాళీలూ ఉన్నాయి, అవి వేరే. 2022 మార్చి 7న కీవ్ పక్కనున్న హొస్తొమెల్ పట్టణ అధ్యక్షుడు యూరీ ప్రిలిప్కో జనానికి రొట్టె, మందులు పంచుతూ కాల్పుల్లో చనిపోయాడు. మెలితోపోల్ మేయర్ ఇవాన్ ఫెదొరోవ్‌ను మార్చి 11న రష్యా సైనికులు తలకు సంచి తొడిగి ఎత్తుకెళ్ళారు, ఆ తర్వాత ఖైదీల మార్పిడిలో వదిలారు. ఇలాంటి చోట్ల సైనిక పాలనాధికారిని పెడితే తప్పుపట్టలేం. కానీ 2025 అక్టోబరులో ఒడెసా మేయర్ త్రుఖానోవ్‌కు రష్యా పాస్‌పోర్టు ఉందన్న ఆరోపణ మీద, ఆయన లేదంటున్నా, దేశాధ్యక్షుడి ఆజ్ఞతో పౌరసత్వం పోయింది, పదవీ పోయింది. ఆ మరునాడే నగరానికి సైనిక పాలన ప్రకటించి, దాని అధిపతిగా అధ్యక్షుడు నియమించిన మనిషి వచ్చాడు. త్రుఖానోవ్ మంచివాడా కాదా అన్నది నా విషయం కాదు. ఖాళీ చేసేదీ నింపేదీ ఒకే చెయ్యి అయినప్పుడు యుద్ధం అవసరమో సాకో బయటివాడికి తెలిసే దారి లేదు. చెర్నిహివ్‌లోనూ ఇంతే. కోర్టు తీర్పుతో మేయర్ పదవి పోయాక, ఎన్నికైన కౌన్సిల్‌కూ నియమించిన సైనిక పాలనకూ మధ్య ఊరు నలిగింది.

ఎన్నిక జరిగితే చాలు అనేవాళ్ళకు కూడా ఒక మాట. యుద్ధం మధ్యలో ఎన్నికలు జరిగిన చోటు కూడా ఉక్రెయిన్‌లోనే ఉంది. మెలితోపోల్‌లో ఫెదొరోవ్‌ను ఎత్తుకెళ్ళగానే, అదే కౌన్సిల్‌లోని ప్రతిపక్ష సభ్యురాలిని రష్యా సైన్యం ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. 2023 సెప్టెంబరులో ఆక్రమిత ప్రాంతాల్లో రష్యా స్థానిక ఎన్నికలు కూడా జరిపించింది. పెట్టెలున్నాయి, సీళ్ళున్నాయి, సైనికులు పక్కనే ఉన్నారు. దాని ముందు జపోరిజ్జియా తాత్కాలిక మేయర్ వెయ్యి రెట్లు నయం.

మరి ఎంత త్వరగా పెట్టొచ్చు? ఫ్రాన్స్‌ను చూస్తే ధైర్యం వస్తుంది. 1940 నవంబరులో, జర్మనీకి లొంగిపోయాక ఏర్పడ్డ విషీ ప్రభుత్వం రెండు వేలకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో మేయర్లను ఎన్నుకోవడం మాన్పించి, తనే నియమించడం మొదలుపెట్టింది. 1944 ఆగస్టులో పారిస్ విడుదలైంది. తాత్కాలిక ప్రభుత్వాన్ని నడిపిన డి గాల్ యుద్ధం ముగిసేదాకా ఆగలేదు. 1945 ఏప్రిల్ 29న పట్టణ, గ్రామ కౌన్సిళ్ళకు మొదటి దశ పోలింగ్ పెట్టించాడు. హిట్లర్ అప్పటికింకా బతికే ఉన్నాడు. రెండో దశ మే 13న. జర్మనీ లొంగిపోయిన ఐదో రోజు. లక్షలమంది ఖైదీలు ఇంకా ఇళ్ళకు చేరలేదు, వాళ్ళు లేకుండా ఎన్నికేమిటని గట్టిగానే గొడవైంది. ఆ గొడవలో న్యాయముంది. కానీ ఫ్రెంచి ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసింది ఆ ఎన్నికలోనే. పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగుదామంటే, ఉన్నవాళ్ళలో సగానికి పైగా, అప్పటిదాకా లెక్కలోకే రానివాళ్ళు, ఇంకా కొన్నాళ్ళు ఆగాలి. నేనైతే డి గాల్ పక్షమే.

మన సంగతికొద్దాం. అదే యుద్ధంలో మన ఊళ్ళు ఎవరి చేతుల్లో ఉన్నాయో చాలామంది మరిచిపోయారు. మమ్మల్ని అడక్కుండా భారత్‌ను యుద్ధంలోకి దించారని 1939 అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ కుర్చీలు 1946 ఏప్రిల్ 30న టంగుటూరి ప్రకాశం ప్రమాణం చేసేదాకా ఖాళీ. ఆరున్నరేళ్ళు గవర్నరు, ఆయన సలహాదార్లు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు, జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకు పారిపోయినప్పుడు, "మా మంత్రి ఏడీ?" అని అడగడానికి మంత్రే లేడు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో లోక్‌సభకు వాయిదా దారి పెట్టుకున్నాం. అత్యవసర పరిస్థితిలో ఒకసారికి ఏడాది చొప్పున పొడిగించొచ్చు, అది ఎత్తేశాక ఆరు నెలలకు మించకూడదు. 1976లో దాన్ని రెండుసార్లు వాడారు. మున్సిపాలిటీలకు ఆ దారి లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ, 243-యు అధికరణం: ఐదేళ్ళు, అంతకు మించి లేదు, గడువు తీరేలోగా ఎన్నిక పూర్తి కావాలి. యుద్ధం మాటే అందులో లేదు. సకాలంలో జరిపి తీరాలని 2006లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది.

ఇంత గట్టి మాట ఉన్న దేశంలో విశాఖపట్నం నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2012లో తీరితే, తర్వాతి ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. ముంబైలో 2022 మార్చిలో గడువు తీరితే పోలింగ్ 2026 జనవరిలో జరిగింది. ఏ శత్రువూ రాలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్లు, విలీనాలు, కేసులు. విశాఖ ఆ తొమ్మిదేళ్ళలో హుద్‌హుద్ తుపాను చూసింది, 2014 అక్టోబరులో. ఊరు ఊరంతా చెట్లు కూలి, కరెంటు లేక, నీళ్ళు లేక ఉన్న రోజుల్లో అడగడానికి ఒక్క కార్పొరేటర్ లేడు. అధికారులు బాగానే పనిచేశారని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ బాగా చేయకపోయి ఉంటే ఎవరిని దించేవాళ్ళం? ఉక్రెయిన్ ఊళ్ళ తాత్కాలిక మేయర్లను చూసి జాలిపడే అర్హత మనకు అంతగా లేదు.

243-యులో యుద్ధం మాట రాయాల్సిన రోజు వస్తే (ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు) నేను అడిగేవి ఇవి. వాయిదా ఒకసారికి ఏడాదే, మళ్ళీ సభలో ఓటేస్తేనే ఇంకో ఏడాది. వార్డు ఖాళీ అయితే, అక్కడ పోలింగ్ సాధ్యమా కాదా చెప్పాల్సింది ప్రభుత్వం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. అది కూడా ఊరు మొత్తానికి కాదు, ఆ వార్డుకు. సాధ్యం కాకపోతే క్రితం ఎన్నికలో ఓట్లు పడినవాళ్ళలోంచే ఒకరు రావాలి, కొత్తగా ఎవరినీ పిలవకూడదు. అలా వచ్చినవాళ్ళు యుద్ధం ముగిసిన ఆరు నెలల్లో అందరికన్నా ముందు జనం దగ్గరికి వెళ్ళాలి.

బాబాయి మొత్తం విని ఒక్క ప్రశ్న వేశాడు. "యుద్ధంలో ఉప ఎన్నిక పెడితే నిలబడేదెవడురా? ఆ యుద్ధం మీద బతికే కాంట్రాక్టరే కదా!" నేను మాల్డన్ గురించి చెప్పాను, పాత్రికేయుడు గెలిచాడని చెప్పాను. గ్రాంథమ్‌లో గెలిచిన డెనిస్ కెండల్ అదే ఊళ్ళో విమానాల ఫిరంగులు చేసే కంపెనీని నడిపేవాడని మాత్రం ఆయనకింకా చెప్పలేదు.